దూరపు కొండలు ఎవరికి నునుపు?

చలికాలం వచ్చింది. ఫోను తెరిస్తే చాలు, వంజంగి. తెల్లారగట్ల నాలుగింటికి సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని కొండెక్కే కుర్రాళ్లు, ఆరు దాటాక పాలనురగ లాంటి మేఘాలు, ఆ మేఘాల్లోంచి లేచే సూర్యుడు. కింద ఒకటే మాట: "స్వర్గం". వేలు జరిపితే లంబసింగి, "ఆంధ్రా కాశ్మీర్". ఇంకొంచెం జరిపితే అరకులో పసుపుపచ్చ పూల మధ్య చేతులు చాచి నిలబడ్డ పెళ్లి జంట.

మిత్రులారా, ఈ వరుసలో ఇంతకుముందు ఊరి చెరువు గురించి రాశాను, శ్మశానం దారి గురించి రాశాను. ఈసారి కొండ గురించి రాస్తున్నాను. "అన్నా, సెలవులకి పాడేరు వెళ్తున్నాం, రండి" అని పిలిచే విద్యార్థి మిత్రుల కోసమే ఇది. వెళ్లొద్దని చెప్పను. కానీ వెళ్లేముందు ఒక్కటి ఆలోచించమంటాను. ఆ మేఘాల వీడియోల్లో ఎక్కడా ఊరు కనబడదు, మనిషి కనబడడు. మేఘాల కింద ఊళ్లున్నాయి. పొయ్యిలున్నాయి, పోడు చేలున్నాయి, కాఫీ తోటలున్నాయి, పట్టా కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన రైతులున్నారు. పైనుంచి చూసేవాడికి అవేవీ కనబడవు. కనబడవు కాబట్టే అది స్వర్గం.

దూరపు కొండలు నునుపు అంటారు మనవాళ్లు. దగ్గరికెళ్తే ముళ్లూ రాళ్లూ తెలుస్తాయని దాని అర్థం. ఈ రోజుల్లో మాత్రం కారేసుకుని, రిసార్ట్ బుక్ చేసుకుని, వ్యూ పాయింట్ దాకా పోయినా కొండలు నునుపుగానే కనబడుతున్నాయి. దూరం ఇప్పుడు కిలోమీటర్లలో లేదు, చూపులో ఉంది. ఖాళీగా కనబడిన నేలని ఎవడైనా ఆక్రమించుకోవచ్చనిపిస్తుంది. ముందు చూపు వస్తుంది, వెనకే పెట్టుబడి వస్తుంది, దాని వెనక చట్టం మార్చాలన్న మాట వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

దళితుడివి, నీకెందుకీ గొడవ అని అడిగేవాళ్లుంటారు. ప్రకృతి గురించి నా జాతికి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? నీళ్లు ప్రకృతే కదా. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలాదిమందిని వెంటబెట్టుకుని మహద్‌లో చౌదార్ చెరువు దగ్గరికి నడిచింది ఆ ప్రకృతి కోసమే. అక్కడ గొడ్లు తాగొచ్చు, పక్షులు తాగొచ్చు, మేం తాగకూడదు. 1985 జూలై 17న కారంచేడు. అక్కడ గొడవ మొదలైంది కూడా చెరువు గట్టు మీదే. మేం తాగే నీళ్లలో గేదెలు కడగొద్దన్నందుకు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. కాబట్టి ఎవరైనా చెరువుని చూసి "ఆహా ఎంత ప్రశాంతం" అంటే నాకు ముందు గుర్తొచ్చేది ప్రశాంతత కాదు. ఈ చెరువెవరిది, ఇక్కడ ఎవరు దిగొచ్చు, ఎవరు దిగకూడదు అన్న ప్రశ్న. కొండని చూసినా అదే ప్రశ్న వస్తుంది. ప్రకృతి దృశ్యం అనేది ఎక్కడా ఊరికే లేదు. దానికి యజమాని ఉంటాడు, కాపలావాడు ఉంటాడు, తరిమేయబడ్డవాడు ఉంటాడు.

ఇక మీరెక్కే దారి గురించి చూద్దాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ బండ్లాపి ఫొటోలు తీసుకుంటారు. వందేళ్ల కిందట ఈ కొండల్లో రోడ్డు ఎలా పడిందో తెలుసా? గూడెం తహశీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా తోలుకొచ్చి రోడ్డు పని చేయించాడు. సరిగ్గా కూలీ ఇవ్వలేదు. అడిగినవాణ్ని కొట్టించాడు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు సొత్తు చేసింది. పోడు కొడితే నేరం, కట్టె కొడితే నేరం, పశువుని తోలితే నేరం. దాని మీద ఈ వెట్టి రోడ్డు. ఆ కడుపుమంటే 1922లో ఫితూరీ అయింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు పట్టుకుని తుపాకులు తీసుకెళ్లారు. అల్లూరి సీతారామరాజు పేరు మనకి తెలుసు, సినిమా చూశాం, 2022లో జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం. గాం గంటందొర, గాం మల్లుదొరల పేర్లు ఎంతమందికి తెలుసు? ఆ రోడ్డు మీద వెట్టి చేసినవాళ్ల పేర్లయితే ఎవరికీ తెలియవు. మీ బండి చక్రం కింద ఉన్నది వాళ్ల చెమట. లంబసింగిలో సున్నా డిగ్రీలు నమోదైతే వార్త. ఆ చలిలో చలిమంట దగ్గర రాత్రంతా కూర్చుని తెల్లారేసరికి పొలానికి పోయేవాడు వార్త కాదు.

అరకు వైపు వెళ్దాం. విశాఖ నుంచి అరకు రైలు. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు, విస్టాడోమ్. పైకప్పు అద్దం, తిరిగే కుర్చీలు. సొరంగం రాగానే పిల్లలు కేకలు వేస్తారు. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ లైను ఎవరి కోసం వేశారు? కొత్తవలస నుంచి కిరండోల్ దాకా తూర్పు కనుమలని తొలిచి 1960లలో వేసింది ప్రయాణికుల కోసం కాదు. బస్తర్‌లో బైలదిల్లా కొండల్ని తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి వేశారు. ఇప్పటికీ ఆ లైను మీద నడిచేవి ఎక్కువగా ఖనిజం గూడ్సులే. ఒక కొండని తవ్వి మోసుకెళ్లే పట్టాల మీద కూర్చుని ఇంకో కొండ అందం చూస్తున్నాం. అద్దం ఎంత పెద్దదైనా ఆ గూడ్సు బండి మన ఫొటోలో పడదు.

రైలు దిగితే బొర్రా గుహలు. "1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనుగొన్నాడు." ఈ వాక్యం ఎన్ని టూరిజం పుస్తకాల్లో, ఎన్ని వెబ్‌సైట్లలో ఉందో లెక్కలేదు. ఒక్క నిమిషం ఆగండి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టిందే 1851లో. పుట్టని సంస్థ మనిషి 44 ఏళ్ల ముందే వచ్చి గుహ కనిపెట్టాడన్నమాట! ఇంత తప్పు వాక్యం ఇన్నేళ్లుగా ఎలా నిలబడింది? ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే తెల్లవాడు కనుగొన్నాడంటే మనకి సబబుగా వినబడుతుంది. ఆ గుహలో దీపం పెట్టుకుని మొక్కుకున్న ఆదివాసీ దాన్ని "కనుగొన్న"ట్టు కాదు. వాడు కేవలం అక్కడ ఉన్నాడు. చరిత్రలో ఉండాలంటే కనుగొనేవాడై ఉండాలి, లేదా కనుగొనబడే వస్తువైనా అయి ఉండాలి. దళితులకి ఈ లెక్క కొత్త కాదు. గుడి కట్టిన రాయి మోసింది ఎవరో శాసనంలో ఉండదు.

బొర్రా పేరు వినగానే మీకు గుర్తు రావాల్సింది ఇంకొకటుంది. సమత తీర్పు. ఆ గుహల చుట్టుపక్కల, అనంతగిరి మండలంలో ప్రభుత్వం గిరిజనేతర కంపెనీలకి గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి బదిలీ చేయకూడదంటే, ప్రభుత్వం కూడా చేయకూడదు. ఆ చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అందులోకే వస్తుంది. ప్రభుత్వ భూమైనా సరే, అటవీ భూమైనా సరే, ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే చెల్లదు. ఈ దేశంలో ఆదివాసీ భూమి గురించి వచ్చిన తీర్పుల్లో ఇంత బలమైనది ఇంకొకటి చూపించడం కష్టం. అది పుట్టిన చోటికి ఏటా లక్షలమంది వెళ్లొస్తున్నారు. గుహలో రంగురంగుల లైట్లు చూస్తున్నారు, కోతులకి చిప్స్ పెడుతున్నారు. ఒక్కరికీ ఈ తీర్పు మాట చెప్పే బోర్డు నాకైతే కనబడలేదు.

బాక్సైట్ సంగతి మరీ చిత్రం. అరకు ఘాట్‌లో గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర మీరు తప్పకుండా ఆగి ఉంటారు. కటికి జలపాతానికి జీపెక్కి ఉంటారు. గాలికొండ, కటికి, ఈ రెండు పేర్లూ రెండు జాబితాల్లో ఉన్నాయి. ఒకటి చూడదగ్గ ప్రదేశాల జాబితా, రెండోది బాక్సైట్ నిక్షేపాల జాబితా. 2005 నుంచి ప్రభుత్వాలు ఈ కొండల్ని తవ్వి అల్యూమినియం కంపెనీలకి ఇస్తామని ఒప్పందాలు చేసుకున్నాయి. 2015 నవంబరులో జీవో 97 తెచ్చి చింతపల్లి వైపు జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ తవ్వకానికి అప్పజెప్పాలనుకున్నారు. ఎవరు ఆపారు? ప్రకృతి ప్రేమికులా? ట్రెక్కింగ్ క్లబ్బులా? గ్రామసభ గ్రామసభా తీర్మానం చేసి, రోడ్ల మీద కూర్చుని, కేసులు పెట్టించుకుని, లాఠీలు తిని ఆదివాసీలు ఆపారు. చివరికి 2019లో ఆ జీవో రద్దయింది. మీరు చూస్తున్న ఆ పచ్చటి కొండ దేవుడిచ్చింది కాదు. అది ఒక పోరాటం మిగిల్చిన కొండ. ఆ పోరాటం ఓడిపోయి ఉంటే అక్కడ వ్యూ ఉండేది కాదు, ఎర్ర గుంట ఉండేది.

మనుషుల సంగతికి వద్దాం. పర్యాటకానికి కొండ ఒక్కటీ సరిపోదు. కొండ మీద "అమాయక గిరిజనం" కూడా కావాలి. రాత్రి రిసార్ట్‌లో క్యాంప్‌ఫైర్ చుట్టూ థింసా. ఆ ఆడవాళ్లు పగలంతా చేలో వంగి వచ్చినవాళ్లు. థింసా పండక్కి, పెళ్లికి, పంటకి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊరంతా వేసే అడుగు. ఇక్కడ మందు గ్లాసులు పట్టుకున్నవాళ్ల మధ్య పావుగంటకి ఇంత అని వేయాల్సొస్తోంది. డబ్బు తీసుకోవడం తప్పని నేననను. కళకి కూలీ ఉండాల్సిందే. మా డప్పు గురించి కూడా నేనదే అంటాను. చావుకి ఊరికే కొట్టించుకున్న డప్పుకి ఇవాళ కూలీ అడుగుతున్నాం, అది ఆత్మగౌరవం. నా ప్రశ్న వేరు. రేటు ఎవరు పెడుతున్నారు? ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతున్నారు? వద్దనే హక్కు ఆ ఆడవాళ్లకుందా? వద్దనే హక్కు లేని చోట అది కళ కాదు, వెట్టి.

పూల సంగతీ అంతే. అరకులో చలికాలం మొదట్లో పసుపుపచ్చగా విరగబూసేవి వలిసెలు. నూనె గింజ పంట. ఒక ఆదివాసీ రైతు ఏడాది ఆశ అది. మనవాళ్లు చేలోకి దిగి తొక్కి, కొమ్మలు విరిచి, ఫొటోలు తీసుకుంటారు. తట్టుకోలేక కొందరు రైతులు ఫొటోకి ఇంతని అడుగుతుంటే, "గిరిజనులు కూడా కమర్షియల్ అయిపోయారండీ" అని వాపోతారు. గోదావరి జిల్లాలో ఎవరి వరిచేలోకైనా దిగి ఇలా తొక్కి చూడండి, కమర్షియల్ ఎవరో, కర్ర ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది.

తిండి దగ్గర చూడండి. పట్నంలో ఇల్లు అద్దెకి అడిగితే "మీరేమిటి" అని కులం అడిగి, నాన్‌వెజ్ తింటారా అని ముక్కు ముడుచుకునే పెద్దమనుషులు, ఇక్కడ బొంగులో చికెన్ కోసం వరసలో నిలబడతారు. మా పళ్లెంలో మాంసం అంటు. కొండ మీద వెదురు బొంగులో మాంసం అనుభవం. మేం కుంపటి దగ్గర కూర్చుంటే లేమి, వాళ్లు కూర్చుంటే క్యాంపింగ్. మా ఆడవాళ్లు తలమీద కట్టెలమోపు పెట్టుకుని కొండ దిగితే కూలి, వాళ్లు వీపు మీద సంచి వేసుకుని కొండెక్కితే ట్రెక్కింగ్. మోసే బరువు ఒకటే, ఎక్కే ఏటవాలు ఒకటే. పేరు మారేది మోసేవాడి కులాన్ని బట్టి.

పోయిన చలికాలం హాస్టల్ పిల్లలు కొందరితో నేనూ వంజంగి ఎక్కాను. దారిలో ఒక ఆదివాసీ తల్లి చీకట్లోనే పొయ్యి పెట్టుకుని టీ అమ్ముతోంది. ఎన్నింటికి వచ్చావమ్మా అంటే రాత్రే వచ్చానంది. మా పిల్లల్లో ఒకమ్మాయి "రోజూ ఇంత అందం చూస్తావు, నీకెంత అదృష్టమో" అంది. ఆమె నవ్వింది. "చూడ్డానికి మీరు పైకెక్కుతారు బాబూ, నీళ్లకి మేం కిందకి దిగుతాం" అంది. ఆ పిల్ల తిరుగుదారిలో మాట్లాడలేదు. దిగేటప్పుడు వెలుతురొచ్చాక దారి పొడవునా కనబడినవి బీరు సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. అవన్నీ ఎవరేరతారో చెప్పక్కర్లేదు. పట్నంలో మేం ఊడుస్తాం, కొండ మీద వాళ్లు ఊడుస్తారు. పారేసేవాడు మాత్రం రెండు చోట్లా ఒక్కడే.

ఇంకో సంగతి రాయాలి. రాయడానికి చెయ్యి బరువెక్కుతుంది. కొత్తపల్లి జలపాతం రీల్స్ చూసే ఉంటారు, జి.మాడుగుల మండలం. అదే మండలంలో వాకపల్లి అనే ఊరుంది. 2007 ఆగస్టు 20న గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని ఆ ఊరి 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పింది, ఆ మహిళలకి నష్టపరిహారం ఇవ్వమంది. అంటే నష్టం జరిగింది, చేసినవాడు మాత్రం లేడు. కారంచేడు, చుండూరు చూసినవాళ్లకి ఇది అర్థం చేసుకోవడానికి లా చదవక్కర్లేదు. జలపాతానికి దారి అడిగితే గూగుల్ చెబుతుంది. వాకపల్లికి దారి ఎవరడుగుతున్నారు? ప్రతి వానాకాలం నెలలు నిండిన ఆడమనిషిని డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చిన ఫొటో పత్రికలో పడుతూనే ఉంటుంది. డోలీ మోసే దారీ ఆ కొండల్లోదే. దాన్ని ట్రెక్ రూట్ అని ఎవరూ అనరు.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా మర్యాద గురించిన పేచీ అయితే, చెత్త వేయకండి, పూలు తొక్కకండి అని చెప్పి ఊరుకునేవాణ్ని. ఇది భూమి పేచీ.

2024 చివర్లో ఆంధ్రప్రదేశ్ కొత్త టూరిజం పాలసీ తెచ్చింది, పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు పెట్టారు. ఆ వేదిక మీద శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు, ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్నారు. ఆయన నర్సీపట్నం ఎమ్మెల్యే కూడా. వందేళ్ల కిందట వెట్టి రోడ్డు బయల్దేరిన ఊరి నుంచే ఇప్పుడు ఈ మాట బయల్దేరింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం 48 గంటలు బంద్ పాటించింది. దుకాణం తెరవలేదు, బస్సు కదల్లేదు, వ్యూ పాయింట్లు బోసిపోయాయి. ముఖ్యమంత్రి 1/70ని తీసేసే ఆలోచన లేదని చెప్పాల్సొచ్చింది. మాట వెనక్కి పోయింది. ఆశ వెనక్కి పోయిందని మాత్రం నేను నమ్మను.

1/70 అంటే ఏమిటో విద్యార్థి మిత్రులు తెలుసుకోవాలి. 1917లోనే బ్రిటిష్‌వాళ్లు ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం చేశారు. 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళ గిరిజన పోరాటం భగ్గుమన్నాక 1970లో దాన్ని బిగించారు. అదే 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి పేరు మీదకి పోకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్ముకోకూడదు. అన్నిటికంటే గొప్ప మాట ఇంకొకటుంది. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే, అది ఆదివాసీ దగ్గర్నుంచి పోయిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడు. ఈ దేశంలో పేదవాడు ప్రతిచోటా తనది తనదేనని రుజువు చేసుకుంటూ తిరుగుతాడు. ఆ భారాన్ని బలవంతుడి నెత్తిన పెట్టిన చట్టాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఇది కళ్లలో నలుసైంది.

ఈ చట్టం ఉండగానే భూములు పోతున్నాయి. ఆదివాసీ పేరు మీద కాగితం, మైదానం మనిషి పెట్టుబడి, లాభం కిందకి. పేరున్న ఆదివాసీ అదే రిసార్ట్ గేటు దగ్గర కాపలా. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. తాళం ఉన్నప్పుడే ఇంత పోతుంటే, తాళం తీసేస్తే ఇల్లు మిగులుతుందా?

మూడు వాదనలొస్తాయి. మూడింటికీ జవాబు చెబుతాను.

మొదటిది, టూరిజం వస్తే ఉద్యోగాలొస్తాయి కదా. ఏ ఉద్యోగాలు? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 ఇచ్చారు. నూటికి నూరు శాతం చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. తన పిల్లకి తన భాషలో అక్షరం చెప్పే ఉద్యోగం దగ్గర నూటికి నూరు అన్యాయమైపోయింది. మరి రిసార్ట్‌లో గదులు ఊడ్చేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు ఎవరు? అక్కడ నూటికి నూరూ వాళ్లే అయినా ఏ కోర్టుకీ ఎవరూ వెళ్లరు. ఊడ్చే పనిలో నూరు శాతం రిజర్వేషన్ అడక్కుండానే దొరుకుతుందని మా వాడలకి ఎప్పట్నుంచో తెలుసు. టీచరు ఉద్యోగం లాక్కుని చీపురు చేతికిచ్చి దాన్ని అభివృద్ధి అనకండి.

రెండోది, ఆదివాసీ తన భూమిని మంచి ధరకి అమ్ముకునే స్వేచ్ఛని చట్టం అడ్డుకుంటోంది కదా. అప్పుల్లో ఉన్నవాడూ, డబ్బు సంచీతో వచ్చినవాడూ ఒక బల్లకి అటూ ఇటూ కూర్చుంటే అది బేరం కాదు. మైదానంలో మా తాతలకి ఇచ్చిన అసైన్డ్ భూములు ఏమయ్యాయో మాకు తెలుసు. అమ్మకూడదని చట్టం ఉన్నా తెల్లకాగితం మీద వేలిముద్రతో పోయాయి. ఎకరం పోయినవాడు అదే ఎకరంలో కూలీ అయ్యాడు. స్వేచ్ఛ గురించి మాకు చెప్పేవాళ్లు ఆ వేలిముద్రలు ముందు చూసి రండి.

మూడోది నన్ను ఇరుకున పెట్టాలని అడిగేది. "1/70 ఉంటే దళితుడు కూడా అక్కడ సెంటు కొనలేడు కదా, నువ్వెందుకు సమర్థిస్తున్నావు?" నిజమే, కొనలేను. ఆ చట్టం ముందు నేనూ గిరిజనేతరుణ్నే. అక్కడ తరాలుగా కూలిచేసి బతికే దళిత కుటుంబాలున్నాయి, వాళ్లకి ఇల్లు కావాలి, బతుకు కావాలి, అది ప్రభుత్వాన్ని నిలదీసి సాధించాల్సిన విషయం. కానీ ఆ పేదవాళ్లని ముందు నిలబెట్టి తలుపు తెరిపించుకుంటే లోపలికి దూరేది ఎవరు? గుడిసె కోసం రెండు సెంట్లు అడిగే మాలా మాదిగా కాదు, యాభై ఎకరాల్లో రిసార్ట్ కట్టేవాడు. దళితుడి పేరు చెప్పి ఆదివాసీ గోడ పగలగొట్టే పనికి మేం భుజం ఇవ్వం. మా ఎస్సీ, ఎస్టీ చట్టం పేరులోనే మేమిద్దరం కలిసి ఉన్నాం. భూమి దగ్గర విడిపోం.

ఇక వెళ్లాలా వద్దా? వెళ్లండి. కొండ మనది కాదని నేనెప్పుడూ చెప్పను. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన ఇద్దరు పిల్లలు గుర్తున్నారా? మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్. ఒకరు ఆదివాసీ బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నారు, భువనగిరి కోట రాయి మీద ఎక్కడం నేర్చుకున్నారు. ఎక్కేనాటికి పూర్ణకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. హాస్టల్ పిల్లలకి శిఖరం ఎందుకన్న లోకానికి వాళ్ల పాదాలు జవాబిచ్చాయి. కూలీకి తప్ప కొండెక్కని కుటుంబాల పిల్లలు సరదాకి కొండెక్కడం కూడా ఒక విముక్తే. నా గొడవ ఎక్కడంతో కాదు. పైకెక్కి ఏం చూస్తున్నామన్న దానితో.

కాబట్టి అడుగుతున్నాను. వెళ్లేముందు ఐదో షెడ్యూల్ అంటే ఏమిటో, 1996 పెసా చట్టం ఏం చెబుతోందో గంటసేపు చదవండి. భూమి సేకరించాలంటే గ్రామసభని సంప్రదించాలని, అన్యాక్రాంతమైన భూమిని తిరిగి రాబట్టే అధికారం గ్రామసభకి ఉండాలని, సంతని నడిపే అధికారం కూడా వాళ్లకే ఉండాలని అందులో ఉంది. దిగే బస ఎవరి పేరు మీద ఉందో, లాభం ఎవరికి పోతోందో నిలబడి అడగండి. జవాబు నసిగితే అక్కడ దిగకండి. టికెట్ కొనేచోట ఈ డబ్బులో గ్రామసభ వాటా ఎంతని అడగండి. ఒక్కరడిగితే విసుక్కుంటారు, వెయ్యిమంది అడిగితే లెక్క చూపించాల్సొస్తుంది. టీ తాగండి, రాజ్‌మా, పసుపు సంతలో ఆ తల్లుల దగ్గరే బేరమాడకుండా కొనండి. మనిషి ఫొటో తీయాలంటే ముందు అడగండి, వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి. మీ చెత్త మీ సంచీలోనే కిందకి దించండి.

ఇవన్నీ చేసినా సగం పనే. మిగతా సగం కిందకి దిగాక ఉంది. రేపు మళ్లీ ఎవరో ఒకరు, ఇంకో వేదిక మీద, ఇంకో పేరుతో 1/70ని కదిలిస్తారు. ఐదో షెడ్యూల్ ప్రకారం దాన్ని మార్చాలంటే గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ దారులన్నిటికంటే ముందు వాళ్లకి కావాల్సింది మన మౌనం. "ఏజెన్సీవాళ్ల గొడవ, మనకెందుకులే" అనే మౌనం. వంజంగి మేఘాలకి లైకు కొట్టిన లక్షల వేళ్లలో పదోవంతు ఆ రోజు నిరసన కాగితం మీద సంతకం పెట్టినా చాలు, ఆ మౌనం వాళ్లకి దొరకదు.

మన్యం మళ్లీ బంద్ పిలిస్తే మీ ట్రిప్పు పాడైందని విసుక్కోకండి. ఆ రెండు రోజులూ వ్యూ పాయింట్ మూతపడితేనే ఆ వ్యూ ఇంకో తరానికి మిగులుతుంది. వీలైతే అదే బస్సెక్కి పాడేరు వెళ్లండి. కెమెరా వదిలేసి, వాళ్ల వరసలో కూర్చోండి.

జై భీమ్. జై ఆదివాసీ.